రెప్ప మీది రంగూ, కాలిలోని సత్తువా కలిపి చూడండి

(అమలాపురంలో ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు, బడి ఉపాధ్యాయులు, కొందరు తల్లిదండ్రులు కూర్చున్న సభలో పిల్లల వైద్య బృందం తరఫున ఇచ్చిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారమండీ. జబ్బు పేరు కొంచెం పెద్దది. ముందే ఒకసారి చెప్పేస్తాను, ఆపైన నోరు తిరక్కపోయినా ఫర్వాలేదు. జువెనైల్ డెర్మటోమయోసైటిస్. డెర్మా అంటే చర్మం, మయో అంటే కండరం, ఐటిస్ అంటే వాపు, జువెనైల్ అంటే పిల్లల్లో వచ్చేది. ఆస్పత్రిలో జేడీఎం అంటారు, మనమూ అలాగే అనుకుందాం.

పది లక్షల మంది పిల్లల్లో ఏడాదికి ఇద్దరికో నలుగురికో కొత్తగా వచ్చే జబ్బు ఇది. ఇక్కడున్నవాళ్లలో చాలామందికి సర్వీసు మొత్తంలో ఒక్క కేసు కూడా తగలకపోవచ్చు. మరి ఇంత ఎండలో మిమ్మల్నందర్నీ ఎందుకు పిలిచామంటారా? ఈ జబ్బున్న పిల్ల ఎవరి కంటా పడక మిగిలిపోదండీ. అందరి కంటా పడుతుంది, కాకపోతే ఒక్కొక్కరికి సగమే కనిపిస్తుంది. మొహం మీద మచ్చలని చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు, ఆయన పూతమందు రాస్తారు. కాళ్లు లాగుతున్నాయని ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్తారు, ఆయన కాల్షియం రాస్తారు. మచ్చల సంగతి రెండో ఆయనకి చెప్పరు, కాళ్ల సంగతి మొదటి ఆయన అడగరు. చీటీలు రెండూ ఒకే ప్లాస్టిక్ కవరులో ఉంటాయి. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చదివే మనిషి మీరు కావాలి, అందుకే పిలిచాం.

ముందు చర్మం సంగతి. కనురెప్పల మీద, ముఖ్యంగా పై రెప్ప మీద, ఊదారంగు తేలుతుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో దీన్ని హీలియోట్రోప్ అనే పువ్వుతో పోలుస్తారు. ఆ పువ్వు మన వైపు ఎవరూ చూసి ఉండరు. కాలవల నిండా గుర్రపుడెక్క ఉంది కదా, దాని పువ్వు రంగు గుర్తు తెచ్చుకోండి, సరిగ్గా అదే. అయితే మన చామనఛాయ పిల్లల్లో అంత తేటగా కనిపించదు. బూడిద కలిసిన నేరేడు రంగులోనో, కాటుక చెదిరి రెప్పకి అంటుకున్నట్టో ఉంటుంది. పొద్దున్న లేచేసరికి రెప్పలు కాస్త ఉబ్బి కూడా ఉంటాయి. నిద్ర చాలలేదనుకుంటుంది తల్లి. తడిగుడ్డతో తుడవండి. కాటుకైతే పోతుంది, ఇది పోదు.

రెండోది చేతి మెటికలు. వేలి కణుపుల మీద, సరిగ్గా ఎముక పొడుచుకొచ్చే చోట, ఎర్రగానో నల్లగానో కాస్త ఉబ్బెత్తుగా మెరిసే మచ్చలు వస్తాయి. వీటిని గాట్రాన్ మచ్చలంటారు. మోచేతి కొనమీద, మోకాలి చిప్పమీద కూడా వస్తాయి. ఇక్కడే పొరబాటు జరుగుతుంది. గజ్జి అనుకుంటారు, తామర అనుకుంటారు, ఎగ్జిమా అనుకుంటారు. దురద ఉందా లేదా అన్నదాన్ని నమ్ముకోకండి, జేడీఎంలోనూ దురద ఉండొచ్చు. ఎక్కడ వచ్చిందో చూడండి. గజ్జి వేళ్ల సందుల్లో వస్తుంది, ఇది వేళ్ల మెటికల మీద వస్తుంది. పెద్ద పిల్లల్లో ఎగ్జిమా మోచేయి మడిచే లోపలి వైపు, మోకాలి వెనక వస్తుంది. ఇది బయటి వైపు వస్తుంది. బుగ్గల మీద ఎరుపు, మెడ కింద ఎండ తగిలే మేరా రంగు మారడం కూడా ఉంటాయి. "వేడి చేసిందండీ" అని మజ్జిగ తాగించి ఊరుకునేది ఈ దశలోనే.

మూడోది గోరు మొదలు. దీన్ని కాస్త దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే దీనికి రక్తపరీక్షా అక్కర్లేదు, స్కానూ అక్కర్లేదు. పిల్ల చెయ్యి బల్ల మీద పెట్టించండి. ఉంగరం వేలి గోరు మొదట్లో, గోరూ చర్మమూ కలిసే చోట, ఒక్క చుక్క కొబ్బరి నూనె వెయ్యండి. నూనె వేస్తే పైచర్మం మెరుపు తగ్గి లోపలిది కనిపిస్తుంది. ఫోన్ టార్చి పక్కనుంచి పడేలా పెట్టి, ఇంకో ఫోన్ కెమెరాని జూమ్ చేసి చూడండి. చర్మం డాక్టర్ల దగ్గర డెర్మటోస్కోప్ ఉంటుంది, దాంతో ఇంకా బాగా తెలుస్తుంది. మామూలు పిల్లల్లో సన్నటి రక్తనాళాలు తలపిన్నుల్లా వంగి, వరసగా, ఊడ్చిన నాట్లలా సమానదూరంలో ఉంటాయి. జేడీఎంలో కొన్ని ఉబ్బి లావెక్కుతాయి, కొన్ని చోట్ల అసలు ఉండవు, మధ్యమధ్య ఖాళీలు పడతాయి. ఉత్త కంటికైతే గోరు చుట్టూ ఎర్రటి గీతలాగా, పక్క చర్మం చిరిగినట్టు కనిపిస్తుంది. ఫొటో తీసి ఉంచండి. ఫోన్‌లో సరిగ్గా కనపడలేదని జబ్బు లేదనుకోవద్దు.

ఇక కండరాలు. ఈ జబ్బు ముందు పట్టేది తుంటి, తొడ, భుజం, మెడ కండరాల్ని. అరచెయ్యి, వేళ్లు చాలావరకు బాగానే ఉంటాయి. పంతులు గార్లు ఇది గుర్తుంచుకోవాలి. ఆ పిల్ల గుండ్రంగా రాస్తుంది, బొమ్మలు వేస్తుంది, పుస్తకాల సంచి మాత్రం భుజానికి ఎత్తుకోలేదు. "రాతకి రాని నీరసం మెట్లెక్కేటప్పుడే వస్తుందా, బద్ధకం" అని తిట్లు తింటుంది. బద్ధకం కాదండీ.

బడిలో మధ్యాహ్న భోజనం వరసే మీకు మంచి పరీక్ష. డొక్కా సీతమ్మ గారి పేరున మన రాష్ట్రంలో నడిచే భోజనం కదా, పిల్లలు నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. తిన్నాక ఎలా లేస్తున్నారో చూడండి. మామూలు పిల్ల ఒక్క ఊపులో లేచి కంచం పట్టుకుని పరిగెడుతుంది. ఈ పిల్ల ముందు పక్కకి ఒరుగుతుంది, రెండు చేతులూ నేలకి ఆనిస్తుంది, పిరుదులు పైకెత్తుతుంది, తర్వాత ఒక చెయ్యి మోకాలి మీద, ఇంకో చెయ్యి తొడమీద వేసి, తన ఒంటినే నిచ్చెనలా పాకుతూ లేస్తుంది. దీన్ని గవర్స్ సైన్ అంటారు. ఇంట్లోనైతే జడ వేసుకునేటప్పుడు చేతులు పైన నిలవవు, గౌను తలమీంచి తీయలేదు, ఆర్టీసీ బస్సు మెట్టెక్కడానికి కడ్డీ పట్టుకుని వేలాడుతుంది. మూడు నాలుగేళ్ల పిల్లలు చెప్పలేరు, ఎత్తుకోమని మారాం చేస్తారు. అంతకుముందు చక్కగా నడిచే పిల్ల మళ్లీ చంకెక్కుతానంటే గారం అని కొట్టిపారేయకండి.

సగటున ఏడేళ్ల వయసులో మొదలవుతుంది, ఆడపిల్లల్లో ఎక్కువ. మగపిల్లల్లో గవర్స్ సైన్ కనబడగానే డుషేన్ అనే కండరాల జబ్బు గుర్తొస్తుంది డాక్టర్లకి. అది పుట్టుకతో వచ్చే జన్యు లోపం, ఏళ్ల తరబడి నెమ్మదిగా ముదురుతుంది, పిక్కలు లావుగా కనిపిస్తాయి, చర్మం మీద ఏమీ ఉండదు. జేడీఎం వారాల్లో, నెలల్లో దిగజారుతుంది, మందుకి లొంగుతుంది. "కండరాల జబ్బట, మందు లేదట" అని ఎవరైనా పిల్లని ఇంటికి తెచ్చేసుకుంటే, ఒకసారి రెప్పలూ మెటికలూ చూడండి.

ఎందుకొస్తుందని అడుగుతారు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి దారి తప్పి సొంత ఒంటి మీదే పడుతుంది. ముఖ్యంగా కండరంలోనూ చర్మంలోనూ ఉండే సన్నటి రక్తనాళాల లోపలి గోడని దెబ్బతీస్తుంది. మన డెల్టా వాళ్లకి ఇది చెప్పడం తేలిక. ధవళేశ్వరం దగ్గర నీళ్లు నిండుగానే ఉన్నాయి, పెద్ద కాలవా పారుతోంది, పంట బోదెలు మాత్రం పూడిపోయాయి. ముందు ఎండేది ఏ చేను? శివారు చేను. కండరం ముక్క తీసి మైక్రోస్కోప్ కింద పెడితే అచ్చంగా అదే కనిపిస్తుంది. కండరపు పోగులు కట్టలు కట్టలుగా ఉంటాయి, ప్రతి కట్టలోనూ అంచున ఉన్న పోగులే చిక్కిపోయి ఉంటాయి. ఒంట్లో ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థం అదుపు తప్పి ఈ జబ్బుని ఎగదోస్తుందని కూడా ఇప్పుడు తెలుసు. జన్యువుల్లో కొంత మొగ్గు ఉండి, ఏదో ఇన్‌ఫెక్షనో, ఎండో దాన్ని రాజేస్తుంది. అంటువ్యాధి కాదు. పక్కన కూర్చుంటే రాదు, కంచం పంచుకుంటే రాదు. దిష్టి కాదు, తల్లి గర్భంతో ఉన్నప్పుడు తిన్న తిండి వల్ల వచ్చేదీ కాదు. పెద్దవాళ్లలో ఈ జబ్బు వస్తే క్యాన్సర్ ఉందేమోనని వెతుకుతారు. పిల్లల్లో ఆ సంబంధం చాలా అరుదు, కాబట్టి ఎవరో ఫోన్‌లో చూసి చెప్పారని బెంబేలెత్తవద్దు.

పరీక్షల దగ్గర మన ప్రాంతానికి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. నీరసం అనగానే ల్యాబులో లివర్ పరీక్ష చేస్తారు. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఎక్కువ వస్తాయి. ఇంకేముంది, పచ్చకామెర్లు! పసరు వేయించడానికి ఊళ్లు తిరుగుతారు, నెలలు గడుస్తాయి. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ లివర్‌లోనే కాదు, కండరంలోనూ ఉంటాయండీ. కండరం చితికితే అవి రక్తంలోకి వస్తాయి. బిలిరుబిన్ మామూలుగా ఉండి, కళ్లు పచ్చబడకుండా, ఈ రెండే పెరిగి ఉంటే, పిల్ల నీరసంగా ఉంటే, కండరం దెబ్బతిందేమో చెప్పే సీపీకే అనే రక్తపరీక్ష చేయించమని అడగండి. జీజీటీ అనే పరీక్ష కూడా చేస్తే తేలిపోతుంది. లివర్ దెబ్బతింటే అది సాధారణంగా పెరుగుతుంది, కండరం దెబ్బతింటే పెరగదు. ఎల్‌డీహెచ్, ఆల్డొలేజ్ కూడా చూస్తారు. ఇంకో మెలిక: జేడీఎం ఉన్నా కొందరు పిల్లల్లో సీపీకే మామూలుగానే ఉంటుంది. మచ్చలూ నీరసమూ రెండూ ఉండి సీపీకే నార్మల్ వచ్చిందని వదిలేయకూడదు. అప్పుడు తొడల ఎంఆర్ఐ తీస్తే వాపున్న కండరం తెల్లగా వెలుగుతుంది. అవసరమైతే కండరం ముక్క తీసి చూస్తారు. రక్తంలో కొన్ని యాంటీబాడీలు చూస్తే ఊపిరితిత్తులకి ముప్పు ఎవరికి ఎక్కువ, సున్నం గడ్డలు ఎవరికి రావొచ్చు అన్న అంచనా దొరుకుతుంది.

ఇక మందులు. స్టెరాయిడ్ పేరు వినగానే భయం. స్టెరాయిడ్లు రాకముందు ఈ జబ్బొచ్చిన పిల్లల్లో మూడింట ఒక వంతు చనిపోయేవారు, ఇంకో వంతు కాళ్లూ చేతులూ పట్టేసి మంచాన పడేవారు. ఆ లెక్క ముందుపెట్టుకుని మిగతాది వినండి.

ఇరవై కిలోల పిల్ల అనుకుందాం. జబ్బు గట్టిగా ఉంటే మొదట మిథైల్ ప్రెడ్నిసొలోన్ సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు. కిలోకి 30 మిల్లీగ్రాముల చొప్పున 600 మిల్లీగ్రాములు, రోజుకోసారి, మూడు రోజులు. ఎక్కించేటప్పుడు బీపీ చూస్తూ ఉండాలి కాబట్టి ఇది ఆస్పత్రిలోనే జరగాలి, ఇంటి దగ్గర సెలైన్ పెట్టే మనిషితో కాదు. తర్వాత నోటి మాత్ర ప్రెడ్నిసొలోన్, కిలోకి 1 నుంచి 2 మిల్లీగ్రాములు, పొద్దున్నే, ఏదైనా తిన్నాక. దాన్ని నెమ్మదిగా దించుతారు, మొత్తం ఏడాది నుంచి రెండేళ్లు పట్టొచ్చు. దీనితోపాటు మొదటినుంచే మెథోట్రెక్సేట్ మొదలుపెడతారు. స్టెరాయిడ్ ఒక్కటే ఇవ్వడం కంటే రెండూ కలిపి ఇస్తేనే మేలని 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంతర్జాతీయ పరిశోధనలో తేలింది.

ఈ మెథోట్రెక్సేట్ దగ్గర కాస్త ఆగుదాం. ఇది వారానికి ఒక్కసారి వేసే మందు. వారానికి ఒక్కసారి! రోజూ వేస్తే ఎముక మజ్జ దెబ్బతిని తెల్లకణాలు పడిపోతాయి, నోరంతా పుండ్లు పడుతుంది, ప్రాణం మీదికొస్తుంది. ఈ తప్పు ఎక్కడ జరుగుతుందంటే, చీటీ మీద వారం పేరు లేకపోతే మందుల షాపులో "రోజూ ఒకటి" అని కవరు మీద రాసేస్తారు. లేదా అమ్మ ఊరెళ్తుంది, మిగతా మాత్రల్లాంటిదే అనుకుని నానమ్మ రోజూ ఇచ్చేస్తుంది. అందుకని ఇంట్లో ఒక వారం ఖాయం చేసుకోండి. శనివారమో ఆదివారమో, మీ ఇష్టం. క్యాలెండరులో ఆ గడి చుట్టూ గుండ్రంగా గీసి, వేసిన రోజున టిక్కు పెట్టండి. ఆ డబ్బా మిగతా మందులతో కలపకండి.

డోసు ఒంటి వైశాల్యం ప్రకారం లెక్కేస్తారు, చదరపు మీటరుకి 15 నుంచి 20 మిల్లీగ్రాములు. 115 సెంటీమీటర్ల ఎత్తు, 20 కిలోల బరువున్న పిల్లకి వైశాల్యం సుమారు 0.8 చదరపు మీటరు, అంటే 12 మిల్లీగ్రాముల దగ్గర మొదలవుతుంది. వీలైతే చర్మం కింద సూదిగా ఇవ్వడమే మేలు, బాగా ఒంటబడుతుంది. ఆశా అమ్మలూ, ఏఎన్ఎంలూ, ఈ మాట మీకు. ఇంజెక్షన్ సీసా మీద ఒక మిల్లీలీటరులో ఎన్ని మిల్లీగ్రాములో చదవండి, అన్ని సీసాలూ ఒకలా ఉండవు. ఇన్సులిన్ సిరంజితో ఇస్తే ఇంకో గోతిలో పడతాం. ఎర్ర మూత సిరంజిలో 40 యూనిట్లంటే ఒక మిల్లీలీటరు, నారింజ మూత దాంట్లో 100 యూనిట్లంటే ఒక మిల్లీలీటరు. "సగం మిల్లీ" అంటే ఒకదాంట్లో 20 గీత, ఇంకోదాంట్లో 50 గీత. 50 యూనిట్లు గుర్తుంచుకున్న తల్లికి ఎర్ర మూతది అందితే ఏమవుతుందో మీరే ఊహించండి. మిల్లీలీటర్ల గీతలే ఉన్న 1 మి.లీ. సిరంజి వాడండి, గొడవ వదులుతుంది. గర్భంతో ఉన్నవాళ్లు ఈ మందు ముట్టుకోకూడదు. సూదిని పెంటకుప్పలో పడేయకుండా గట్టి డబ్బాలో వేసి ఆస్పత్రికి తిరిగివ్వండి.

దీనితో ఫోలిక్ యాసిడ్ ఇస్తారు, వాంతులూ నోటిపూతా తగ్గడానికి. మొదట్లో నెలకోసారి, కుదుటపడ్డాక రెండు మూడు నెలలకోసారి రక్తకణాలు, ఎస్‌జీపీటీ, క్రియాటినిన్ చూడాలి. పిల్లకి జలుబో విరేచనాలో చేస్తే ఊళ్లో డాక్టరు సెప్ట్రాన్ అనే యాంటీబయాటిక్ రాయొచ్చు. మెథోట్రెక్సేట్ వాడుతున్నామని ముందే చెప్పండి, ఆ రెండూ కలిస్తే రక్తకణాలు పడిపోయే ప్రమాదం ఉంది.

జ్వరం వస్తే చాలామంది తారుమారు చేస్తారు. స్టెరాయిడ్ మానేసి, మెథోట్రెక్సేట్ వేస్తారు. జరగాల్సింది దానికి తలకిందులు. గట్టి జ్వరం ఉంటే డాక్టరుకి ఫోన్ చేసి ఆ వారం మెథోట్రెక్సేట్ ఆపొచ్చు. స్టెరాయిడ్ మాత్రం ఒక్క పూట కూడా ఆపకూడదు. నెలల తరబడి బయటి నుంచి స్టెరాయిడ్ ఇస్తుంటే ఒంట్లో దాన్ని తయారుచేసే గ్రంథి పని మానేస్తుంది. హఠాత్తుగా ఆపితే బీపీ, షుగర్ పడిపోయి, పిల్ల మగతలోకి వెళ్తుంది. మాత్ర వేసిన వెంటనే వాంతి అవుతోంది, ఏదీ నిలవట్లేదు అంటే ఇంట్లో ఉండకండి, హైడ్రోకార్టిజోన్ ఇంజెక్షను కావాలి, ఆస్పత్రికి బయల్దేరండి.

వీటికి లొంగకపోతే ఇంకా మందులున్నాయి. ఐవీఐజీ అని రోగనిరోధక ప్రొటీన్ ఎక్కిస్తారు, కిలోకి 2 గ్రాములు, ఇరవై కిలోలకి 40 గ్రాములు, అంటే అయిదు గ్రాముల సీసాలు ఎనిమిది. ఖరీదైనది. బయల్దేరే ముందే ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రని అడిగి ఏ పథకం కింద ఎంత వస్తుందో తెలుసుకోండి. మైకోఫెనొలేట్, రిటుక్సిమాబ్, ఈమధ్య జాక్ ఇన్హిబిటర్లు కూడా వాడుతున్నారు. చర్మానికి హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇస్తే కళ్ల పరీక్ష చేయిస్తూ ఉండాలి.

స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు టీబీ ఉందేమో చూడాలి, నులిపురుగుల మాత్ర వేయాలి. మందులు నడుస్తున్నన్నాళ్లూ బతికున్న క్రిముల టీకాలు వద్దు: ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా), అమ్మవారి టీకా, పోలియో చుక్కలు. పల్స్ పోలియో ఆదివారం మన వాళ్లకి లెక్క తప్పకూడదనే పట్టుదల ఉంటుంది, మంచిదే, ఈ పిల్లకి మాత్రం వేయొద్దు. ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్ల చుక్కల సంగతీ డాక్టర్ని అడగండి. ఫ్లూ, న్యుమోకోకల్ టీకాలు వేయొచ్చు, వేయించాలి కూడా. బడిలో ఎవరికైనా అమ్మవారు పోస్తే ఆ రోజే ఫోన్ చేయండి, పొక్కులొచ్చే దాకా ఆగొద్దు.

ఎండ ఈ జబ్బుకి పడదు. చర్మాన్నే కాదు, కండరాన్నీ రెచ్చగొట్టగలదు. పది నుంచి నాలుగింటి దాకా నీడపట్టున ఉంచండి. బడిలో ప్రార్థనకి చెట్టుకింద నిలబెట్టండి, దానికి పర్మిషన్ అక్కర్లేదు కదా. పొడుగు చేతుల నూలు చొక్కా, అంచు వెడల్పు టోపీ, గొడుగు. సన్‌స్క్రీన్ ఎస్పీఎఫ్ 30కి తగ్గకుండా, మొహానికీ మెడకీ కలిపి చిన్న చెంచాడు, బయటుంటే రెండు గంటలకోసారి మళ్లీ. పలచగా బొట్టులా రాసి రాశామనుకుంటే ఉపయోగం లేదు. మబ్బు పట్టిన రోజూ రాయాలి. రొయ్యల చెరువు గట్టు మీదా, అంతర్వేది ఇసుకలోనూ పైనుంచి పడే ఎండకి తోడు కిందనుంచీ కొడుతుంది. గొడుగు అక్కడ సగమే ఆపుతుంది.

తిండి దగ్గర పత్యం పేరుతో పిల్లని ఎండగట్టకండి. స్టెరాయిడ్‌తో ఆకలి విపరీతంగా వేస్తుంది, ఉప్పు ఒంట్లో నిలిచి మొహం ఉబ్బుతుంది, బీపీ పెరుగుతుంది. మన వైపు అసలు శత్రువులు ఎండు చేపలు, ఎండు రొయ్యలు, ఆవకాయ, అప్పడాలు. పులస పులుసు కాదు. (నవ్వులు) తాజా చేప పెట్టండి, ముళ్లతో నమిలే చిన్న చేపలైతే కాల్షియం కూడా. పాలు, పెరుగు, గుడ్డు, చోడి జావ. ఆకలికి కాజాలూ పూతరేకులూ ఇస్తే షుగర్, బరువు రెండూ పెరుగుతాయి. శనగల గుగ్గిళ్లు, దోసకాయ ముక్కలు చేతికందేలా ఉంచండి.

ఒకప్పుడు మంచం దిగనిచ్చేవారు కాదు. ఇప్పుడు ఆ పద్ధతి లేదు. జబ్బు గట్టిగా ఉన్న రోజుల్లో పిల్ల తనంతట చేయలేకపోతే మీరే కీళ్లని మెల్లిగా పూర్తిగా చాపి ముడవండి, రోజుకి రెండుసార్లు. మడమ నరం, మోకాలి వెనక భాగం, మోచెయ్యి ముందు పట్టేస్తాయి. మునివేళ్ల మీద నడుస్తోందంటే మడమ నరం బిగిసిందన్నమాట. రక్తంలో సీపీకే లాంటి కండరపు ఎంజైములు దిగాక మెట్లు, సైకిలు, లేచి కూర్చోవడం పెంచుకుంటూ పోవాలి. గట్టిగా పిసికే నూనె మర్దన మాత్రం వద్దు.

ఆస్పత్రిలో సీఎంఏఎస్ అని 14 పనులు చేయించి 52కి మార్కులేస్తారు. ఇంట్లో మూడు చాలు, వారానికోసారి, ఒకే రోజున, ఒకే వేళకి. వెల్లకిలా పడుకోబెట్టి తల మాత్రం పైకెత్తమనండి, ఎన్ని సెకన్లు నిలిపిందో రాయండి. రెండు చేతులూ పైకెత్తి ఎంతసేపు ఉంచగలదో రాయండి. నేలమీంచి చెయ్యి ఆనకుండా లేచిందా, ఒక చేత్తోనా, రెండు చేతులతోనా రాయండి. పక్కింటి పిల్లతో పోల్చకండి, చిన్న పిల్లలు ఆరోగ్యంగా ఉన్నా తల ఎక్కువసేపు నిలపలేరు. పోయినవారం అంకెతోనే పోల్చండి. రెండు వారాలు వరసగా దిగితే ఫోన్ చేయాలి.

ఇవి మాత్రం వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సినవి: తాగిన నీళ్లు ముక్కులోంచి రావడం, గొంతు ముక్కుతో మాట్లాడినట్టు మారడం, మింగేటప్పుడు పొలమారడం. గొంతు కండరం జబ్బు పడిందన్నమాట, అన్నం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దారిలో పడుకోబెట్టి ఏదీ తాగించకండి. ఆయాసం, కడుపు నొప్పి తగ్గకపోవడం, నల్లటి విరేచనం కూడా ఇదే లెక్క. పేగు రక్తనాళాలు దెబ్బతిని చిల్లు పడొచ్చు, స్టెరాయిడ్ వాడే పిల్లలో కడుపు గట్టిపడటం, జ్వరం పైకి కనిపించకపోవచ్చు. "కొంచెమే నొప్పి" అన్నా తీసుకెళ్లండి.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి ఒక తల్లి: "మా పాపకి మోచేతి దగ్గర గట్టిగా గడ్డ కట్టిందండి. సున్నం అన్నారు. పాలు మానిపించేశాం.")

మళ్లీ మొదలుపెట్టండమ్మా, ఇవాళే. ఆ సున్నం తిండిలోంచి వచ్చింది కాదు. వాపొచ్చి దెబ్బతిన్న చోట ఒళ్లే కాల్షియం పేరుస్తుంది. పాలు ఆపితే గడ్డ కరగదు, స్టెరాయిడ్‌తో ఇప్పటికే పలచబడుతున్న ఎముక ఇంకా పలచబడుతుంది. గడ్డ చిట్లి సుద్దలాంటిది కారితే పిండొద్దు, శుభ్రమైన గుడ్డ కట్టి చూపించండి, చీము పట్టొచ్చు. గడ్డలు వస్తున్నాయంటే లోపల జబ్బు ఇంకా నడుస్తోందేమో చూడాలి, మందు పెంచాల్సి రావొచ్చు.

(ఒక ఉపాధ్యాయుడు: "పూర్తిగా పోతుందాండీ?")

కొందరికి ఒక్కసారి వచ్చి రెండు మూడేళ్లలో సద్దుమణిగి మళ్లీ రాదు. కొందరికి తగ్గి తిరగబెడుతుంది, కొందరికి ఏళ్ల తరబడి సన్నగా నడుస్తూనే ఉంటుంది. ఎవరు ఏ దారిన పోతారో మొదటి రోజు చెప్పలేం. స్టెరాయిడ్ ఆగి, జబ్బు జాడ లేకుండా కనీసం ఏడాది గడిచాకే మెథోట్రెక్సేట్ ఆపే ఆలోచన చేస్తారు. బాగుంది కదా అని మీరే ఆపేస్తే తిరగబెడుతుంది.

(ఒక ఆశా కార్యకర్త: "సఖినేటిపల్లి అవతల నుంచి పంటు దాటి, బస్సులు మారి పెద్దాస్పత్రికి పోవాలంటే ఒక రోజు పోతుందండి. ప్రతిసారీ వెళ్లాలా?")

ప్రతిసారీ అక్కర్లేదమ్మా. నెల రక్తపరీక్ష దగ్గర్లోని ల్యాబులో చేయించి కాగితం ఫొటో డాక్టరుకి పంపితే చాలావరకు సరిపోతుంది. ఎప్పుడు రావాలో ఆయన్నే అడిగి రాయించుకోండి. వెళ్లినప్పుడు మాత్రం మూడు తీసుకెళ్లండి: మీరు రాసిన వారపు అంకెల పుస్తకం, పగటి వెలుతురులో తీసిన రెప్పల, మెటికల, గోళ్ల ఫొటోలు తేదీలతో, ఇంట్లో ఉన్న మందులన్నీ డబ్బాలతో సహా. చీటీలు కాదు, డబ్బాలు. చీటీలో ఏముందో మాకు తెలుసు, పిల్ల కడుపులోకి ఏది పోతోందో డబ్బాల్లో మిగిలిన మాత్రలు లెక్కపెడితేనే తెలుస్తుంది.